గ్లేసియర్ పార్కులో కింట్లా లేక్ దగ్గర పిల్లలతో క్యాంపింగ్ చెయ్యొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఆగస్టు రెండో వారంలో మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కుకి వెళ్తున్నారు. మీరు, మీ ఆవిడ, పదేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు. జనం గోల లేని చోట మూడు రాత్రులు టెంట్లో గడపాలని కోరిక, ఎవరో కింట్లా లేక్ పేరు చెప్పారు. ఇంతకు ముందు క్యాంపింగ్ చేసింది రెండే రెండుసార్లు, అదీ ఇంటికి గంట దూరంలో. మీ ఆవిడకి ఎలుగుబంట్లంటే భయం. వెళ్ళొచ్చా, వెళ్తే ఏం చూసుకోవాలి?

వెళ్ళండి. కానీ మూడు రాత్రులూ అక్కడే వద్దు. మొదటి రాత్రి ఆప్గార్‌లో పడుకుని, మిగతా రెండు రాత్రులు కింట్లాలో ఉండండి. నేను పదకొండేళ్ళలో ఐదుసార్లు వెళ్ళాను. మా పిల్లలు మీ పిల్లల వయసులో ఉన్నప్పుడు రెండుసార్లు, ఒకసారి ఒక్కడినే. ఆ ఐదుసార్లలో ఎలుగుబంటి వల్ల మాకు ఒక్క ఇబ్బందీ రాలేదు. ఇబ్బంది పెట్టినవి చలి, దోమలు, టైరు, మర్చిపోయిన గ్యాస్ డబ్బా. అందుకే ఎలుగు గురించి ఎంత ఆలోచిస్తున్నారో వాటి గురించి కూడా అంతే ఆలోచించమంటాను.

ముందు ఆప్గార్ సంగతి. అది పార్కులో అన్నిటికన్నా పెద్ద క్యాంప్‌గ్రౌండ్, 194 సైట్లు. మీరు వెతుకుతున్న ప్రశాంతత అక్కడ దొరకదు, పక్క టెంట్లో గురక కూడా వినిపిస్తుంది. అయినా మొదటి రాత్రి అక్కడే ఎందుకంటే, సామాన్లలో ఏది మర్చిపోయారో, ఏది పనిచెయ్యట్లేదో ఆ రాత్రే తెలిసిపోతుంది, పొద్దున్నే కొనుక్కోవచ్చు. మా రెండో ట్రిప్పులో స్టవ్ తెచ్చుకున్నాం. గ్యాస్ డబ్బాలు విమానంలో తీసుకెళ్ళనివ్వరు కాబట్టి దిగాక కొనాలనుకున్నాం, కారు తీసుకునే హడావుడిలో మర్చిపోయాం. ఆ విషయం తెలిసింది కింట్లాలో, సాయంత్రం ఏడింటికి, పిల్లలు ఆకలంటున్నప్పుడు. అప్పుడు మంటలు వేయకూడదన్న నిషేధం నడుస్తోంది, కట్టెల మీద వండుకునే దారి కూడా లేదు. రెండు రోజులు బ్రెడ్డు, అరటిపళ్ళు, నీళ్ళలో నానేసిన అటుకులు, వాటితోనే సరిపెట్టాం. పిల్లలకి అదో సరదా జ్ఞాపకం అయింది గానీ మా ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది.

కింట్లా ఎందుకంత ప్రశాంతంగా ఉంటుందో తెలిస్తే అక్కడ ఏం దొరకదో కూడా అర్థమవుతుంది. పార్కు వాయవ్య మూలన, కెనడా సరిహద్దుకి కొద్ది మైళ్ళ దూరంలో ఉంది. పదమూడు సైట్లే. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, కొట్టు లేదు. సరస్సులో మోటారు పడవలు నడపకూడదు. కారు వెళ్ళగలిగే క్యాంప్‌గ్రౌండ్లలో పార్కు మొత్తానికి ఇదే మారుమూల. అసలు అక్కడికి దారి పడిందే వేరే పని మీద. గ్లేసియర్ నేషనల్ పార్కు అయింది 1910లో, దానికి ముందే 1901లో కింట్లా ఒడ్డున చమురు కోసం బావి తవ్వారు, ఆ యంత్రాలు లాక్కెళ్ళడానికి మెక్‌డొనాల్డ్ సరస్సు వైపు నుంచి అడవి నరికి బాట వేశారు. చమురు గిట్టుబాటు కాలేదు, వాళ్ళు వెళ్ళిపోయారు, బాట మిగిలింది. ఆ తర్వాత నూట ఇరవై ఏళ్ళలో కూడా దాన్ని ఎవరూ పెద్ద రోడ్డు చెయ్యలేదు. నాకైతే అదే ఆ చోటు చేసుకున్న పుణ్యం అనిపిస్తుంది.

దారి. కొలంబియా ఫాల్స్ అనే ఊళ్ళో పెట్రోలు ట్యాంకు నిండా కొట్టించండి, సగం ఉందిలే అనుకోవద్దు. అక్కడి నుంచి ఔట్‌సైడ్ నార్త్ ఫోర్క్ రోడ్డు మీదుగా పోల్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరు దాదాపు 35 మైళ్ళు, అందులో కొంత మట్టిరోడ్డు. పోల్‌బ్రిడ్జ్‌లో 1914 నాటి కొట్టు ఒకటుంది, బేకరీ కూడా అందులోనే. ఏమన్నా కొనాలంటే అదే ఆఖరి చోటు. అక్కడి నుంచి నది దాటి పార్కులోకి వెళ్ళాక కింట్లాకి ఇంకో 15 మైళ్ళు, గంట పడుతుంది. అడవిలో ఒక కారు పట్టేంత మట్టి బాట, గుంతలు, మలుపులు, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీసుకోవాలి. ఫోన్లో మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆ మ్యాపులో ఫిష్ క్రీక్ వైపు నుంచి పార్కు లోపల్లోపలే పైకి పోయే ఇన్‌సైడ్ రోడ్డు ఒకటి దగ్గరి దారిలా కనిపిస్తుంది, దాన్ని నమ్ముకుని బయల్దేరకండి.

మీరు అద్దె కారు అన్నారు కాబట్టి రెండు విషయాలు. ఒకటి, మట్టిరోడ్ల మీద నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని చాలా అద్దె ఒప్పందాల్లో ఉంటుంది, సంతకం పెట్టేముందు ఆ ముక్క చదవండి. రెండు, డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. ఈమధ్య చాలా కార్లలో స్టెప్నీ బదులు గాలి కొట్టే చిన్న మిషను, జిగురు సీసా పెడుతున్నారు. పదునైన కంకర టైరు పక్క గోడని కోస్తే ఆ జిగురు ఎందుకూ పనికిరాదు. మాకు ఒకసారి అదే జరిగింది, పోల్‌బ్రిడ్జ్ దాటి ఎనిమిది మైళ్ళు పోయాక. రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడితే ఒక పెద్దాయన తన పికప్ ట్రక్కు ఆపి వెనక్కి దింపాడు. ఆ రోజు ఆ దారిలో మేం చూసిన మొదటి బండి అది. అప్పటి నుంచీ నిండు సైజు స్టెప్నీ ఉన్న కారు ఇస్తేనే తీసుకుంటున్నాను, కౌంటర్లో ఓ పావుగంట ఎక్కువ పట్టినా సరే.

పార్కుకి చేరే టైము కూడా ముఖ్యం. పదమూడు సైట్లంటే వారాంతంలో మధ్యాహ్నానికే నిండిపోవచ్చు. నేను వెళ్ళినప్పుడల్లా ముందొచ్చినవాళ్ళకి ముందు అన్న పద్ధతే ఉంది. ఈ నియమాలు ఏటా మారుతుంటాయి, కాబట్టి మీ తేదీలకి బుకింగ్ ఉందో లేదో, పోల్‌బ్రిడ్జ్ వైపు లోపలికి వెళ్ళడానికి విడిగా ఏమన్నా పర్మిట్ కావాలో పార్కు వెబ్‌సైట్లో చూసుకోండి. మంగళ, బుధవారాల్లో పొద్దున పదింటికల్లా అక్కడ ఉంటే నాకెప్పుడూ చోటు దొరక్కుండా పోలేదు.

ఇప్పుడు ఎలుగుబంట్లు. మీ ఆవిడ భయం అర్థం లేనిది కాదు, ఆవిడతో అలా అనకండి. గ్లేసియర్‌లో నల్ల ఎలుగులూ ఉన్నాయి, వాటికన్నా పెద్ద జాతి ఎలుగులైన గ్రిజ్లీలూ ఉన్నాయి, కింట్లా చుట్టుపక్కల అడవి వాటి ఇల్లే. కానీ అవి మన టెంట్ దగ్గరికి రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, తిండి వాసన. ఈ విషయం ఆ పార్కు చాలా కష్టంగా నేర్చుకుంది. 1967 ఆగస్టు 13న ఒకే రాత్రి, మైళ్ళ దూరంలో ఉన్న రెండు వేర్వేరు చోట్ల, గ్రానైట్ పార్క్ దగ్గరా ట్రౌట్ లేక్ దగ్గరా, రెండు వేర్వేరు గ్రిజ్లీలు టెంటు కూడా లేకుండా ఆరుబయట పడుకున్న ఇద్దరు యువతుల్ని చంపేశాయి. 1910లో పార్కు పుట్టిన దగ్గర్నుంచి గ్రిజ్లీ వల్ల మనిషి చనిపోవడం అదే మొదలు. ఆ రెండు చోట్లా ఎలుగులు మనుషుల తిండికీ చెత్తకీ అలవాటు పడి ఉన్నాయి. ఇప్పుడు పార్కులో తిండి, చెత్త గురించి మీరు చూసే కఠినమైన నియమాలన్నిటి వెనకా ఆ రాత్రి ఉంది. అందుకే వాటిని ఫైన్ పడుతుందన్న భయంతో కాదు, మనసుపెట్టి పాటించండి.

నియమం చిన్నదే: వాసన వచ్చేదేదైనా, ఆ క్షణం మీ చేతిలో లేకపోతే, కార్లో ఉండాలి. పగలైనా రాత్రైనా. అద్దాలు పూర్తిగా ఎత్తి, డోర్లు లాక్ చేసి. తిండి మాత్రమే కాదు, జనం పొరపాటు పడేది ఇక్కడే. ఖాళీ కూలర్, కడిగిన గిన్నెలు, స్టవ్, నీళ్ళు తప్ప వేరే ఏమున్నా ఆ సీసా, టూత్‌పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునే బామ్, పాప జడకి పెట్టే కొబ్బరినూనె, దగ్గు చప్పరింపు బిళ్ళలు, అన్నీ కార్లోకే. పడుకునే ముందు పిల్లల జేబులు మీరే స్వయంగా తడిమి చూడండి. మా అబ్బాయి స్లీపింగ్ బ్యాగ్‌లో ఒకసారి సగం తిన్న చాక్లెట్ బార్ దొరికింది, దాచుకున్నాడు పాపం, పొద్దున తిందామని. వాడికి కోప్పడకుండా చెప్పాను, చెల్లినీ అమ్మనీ కాపాడే డ్యూటీ నీదేరా అని. అప్పటి నుంచి రోజూ రాత్రి అందరి జేబులూ వాడే చెక్ చేసేవాడు, నావి కూడా.

మన వంట గురించి ఒక మాట. పోపు పెట్టడం, ఉల్లిపాయలు వేయించడం, చేపలు కాల్చడం, ఇవన్నీ ఇంట్లోనే ఆపుకోండి. నూనె పొగ బట్టలకి పట్టేస్తుంది, ఆ బట్టలతోనే టెంట్లో పడుకుంటాం. నేను ఆప్గార్ నుంచి బయల్దేరే ముందు కలిపి తెచ్చిన పులిహోర మొదటి రోజుకి, తర్వాత వేడినీళ్ళు పోస్తే అయిపోయేవి. ఆవకాయ సీసా తప్పదు అంటారా, మూత గట్టిగా బిగించి, రెండు జిప్‌లాక్ కవర్లలో పెట్టి, అది కూడా కార్లోనే. వండేటప్పుడు వేసుకున్న బట్టలు మార్చుకుని, వేరే బట్టలతో పడుకోండి. గిన్నెలు కడిగిన నీళ్ళు ఎక్కడ పొయ్యాలో క్యాంప్‌గ్రౌండ్ బోర్డు మీద రాసి ఉంటుంది, టెంట్ వెనకాల మాత్రం పొయ్యకండి. కింద పడ్డ మెతుకులు కూడా ఏరండి, పిల్లలకి ఆ పని భలే ఇష్టం.

బేర్ స్ప్రే, అంటే మీదికొచ్చే ఎలుగు మీద కొట్టే ఘాటు మిరప మందు డబ్బా, తప్పకుండా కొనండి, పెద్దవాళ్ళిద్దరికీ చెరొకటి. విమానంలో ఏ బ్యాగులోనూ అనుమతించరు, దిగాక కొనుక్కోవాలి లేదా అద్దెకి తీసుకోవాలి. 7.9 ఔన్సులకి తక్కువ ఉన్నది బేర్ స్ప్రే కాదు, మనుషుల మీద వాడే చిన్న పెప్పర్ స్ప్రే వేరు, ఇది వేరు. పాతికా ముప్ఫై అడుగుల దూరం వెళ్తుంది, రెండు మూడు సెకన్లపాటు ఎదురుగా మేఘంలా పరుచుకునేలా కొట్టాలి. ఇది దోమల మందులాంటిది కాదు, ఒంటికి గానీ టెంటుకి గానీ కొట్టకూడదు. నవ్వుతారేమో గానీ అలా చేసినవాళ్ళున్నారు. నడుముకి తగిలించుకోవాలి, బ్యాగు లోపల పెడితే లేనట్టే. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే డబ్బా పేలొచ్చు. సేఫ్టీ క్లిప్ తియ్యడం, పెట్టడం ఆప్గార్‌లో ఇరవైసార్లు సాధన చెయ్యండి, నొక్కకుండా. మీ ఆవిడ చేతుల్తో కూడా. ఆవిడ భయం సగం తగ్గేది అక్కడే, నేను కళ్ళారా చూశాను.

బాట మీద నడిచేటప్పుడు అసలు ప్రమాదం మలుపు తిరగ్గానే ఎలుగుకి ఎదురుపడటం. అది మనల్ని ముందే వింటే దాదాపు ఎప్పుడూ తప్పుకుంటుంది. జనం బ్యాగులకి గంటలు కట్టుకుంటారు, ఆ చిన్న శబ్దం సరిపోదు, మనిషి గొంతు కావాలి. మా పిల్లలు ఎక్కాలు అరుస్తూ నడిచేవారు. పదమూడో ఎక్కం మా అమ్మాయికి వచ్చింది కింట్లా బాట మీదే. వాగు పక్కన, పొదలు దట్టంగా ఉన్న చోట, ఎదురుగాలి వీస్తున్నప్పుడు ఇంకా గట్టిగా అరవాలి. పిల్లలు ఎప్పుడూ పెద్దవాళ్ళిద్దరి మధ్యలోనే, ముందుకు పరిగెత్తనివ్వొద్దు. దూరంగా కనిపిస్తే వంద గజాలు దూరం పాటించాలి, ఎలుగుకైనా తోడేలుకైనా ఇదే లెక్క. దగ్గర్లో కనిపిస్తే పరిగెత్తొద్దు, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి జరగండి, స్ప్రే చేతిలోకి తీసుకోండి. గ్రిజ్లీ హఠాత్తుగా ఎదురై, మీద పడితే, బోర్లా పడుకుని వేళ్ళు పెనవేసి మెడ వెనక కప్పుకోవాలి, బ్యాగు వీపున అలాగే ఉంచాలి. రాత్రి టెంట్లోకి వస్తే మాత్రం చచ్చినట్టు పడి ఉండటం కాదు, ఉన్న బలమంతా పెట్టి ఎదురు తిరగాలి. ఈ రెండింటికీ తేడా పెద్దవాళ్ళు ఇద్దరూ గుర్తుంచుకోవాలి, పిల్లలకి అంత వివరం అక్కర్లేదు, "పరిగెత్తొద్దు, నా వెనకకి రా" అన్నది చాలు.

ఇక ఎవరూ ముందుగా చెప్పని విషయం, నిశ్శబ్దం. మనం ఫ్యాన్ శబ్దం, ఫ్రిజ్ శబ్దం, రోడ్డు మీద బళ్ళ శబ్దం వింటూ నిద్రపోయేవాళ్ళం. కింట్లాలో అవేవీ ఉండవు, మొదటి రాత్రి ఆ ఖాళీలో ప్రతి చిన్న చప్పుడూ పది రెట్లు పెద్దగా వినిపిస్తుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు రాత్రి రెండింటికి టెంట్ పక్కనే ఏదో పెద్ద ప్రాణి అడుగులో అడుగు వేస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వేస్తోంది. స్ప్రే పట్టుకుని గంటసేపు కూర్చున్నాను, ఊపిరి బిగబట్టి. తెల్లారాక చూస్తే జింక డెక్కల గుర్తులు, బయట ఆరేసిన చెప్పుల పట్టీలు నమిలేసి ఉన్నాయి. చెమట ఉప్పు కోసం వస్తాయవి. అందుకే చెమట పట్టిన బట్టలు, బూట్లు కూడా కార్లో పెట్టమంటాను.

మీ ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి ఉంచాల్సిన శబ్దాలు కొన్ని ఉన్నాయి. లూన్ అనే పక్షి, సరస్సు మీద ఈదుతూ ఉంటుంది, రాత్రి అరుస్తుంది. ఒకసారి దూరంగా ఎవరో సాగదీసి ఏడ్చినట్టు ఉంటుంది, ఇంకోసారి పిచ్చినవ్వు నవ్వినట్టు ఉంటుంది. తెలియకపోతే గుండె ఆగినంత పనవుతుంది, తెలిస్తే మాత్రం దానికోసమే మేలుకుని ఉంటారు. ఇంట్లోనే దాని రికార్డింగు ఒకటి పిల్లలకి వినిపించి తీసుకెళ్ళండి. పొద్దున్నే నెత్తి మీద చెట్టులోంచి టకటకా తిట్టినట్టు అరిచేది ఉడత. గాలికి రెండు చెట్లు రాసుకుంటే పాత తలుపు తీసినట్టు కిర్రుమంటుంది. తోడేళ్ళ ఊళ కూడా వినిపించవచ్చు, నేను ఐదుసార్లలో ఒక్కసారి విన్నాను. అవి ఆ ప్రాంతంలో దశాబ్దాలపాటు లేవు, కెనడా వైపు నుంచి వాటంతట అవే దిగి వచ్చి, 1986లో గ్లేసియర్‌లో పిల్లల్ని పెట్టాయి. ఆ ఊళ విన్నప్పుడు మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, భయంతో కాదు. అప్పటికి మాకది మూడో ట్రిప్పు.

చలి ఎలుగుకన్నా ఖాయం. సరస్సు ఉన్నది దాదాపు 4,000 అడుగుల ఎత్తులో, ఆగస్టులో మధ్యాహ్నం 80 ఫారెన్‌హీట్ ఉన్నా తెల్లవారుజామున 40కి పడిపోవడం మామూలే, నేను 36 కూడా చూశాను. స్లీపింగ్ బ్యాగ్ మీద రాసి ఉన్న అంకె చూసి మోసపోవద్దు. చాలా బ్యాగుల మీద పెద్దగా కనిపించేది "లిమిట్" అంకె, అంటే ఆ చలిలో ముడుచుకుని ఎలాగోలా రాత్రి గడపగలరని. మీరు చూడాల్సింది "కంఫర్ట్" అంకె, అది 30 దగ్గర ఉన్నది తీసుకోండి. అంతకన్నా ముఖ్యం కింద వేసుకునే ప్యాడ్. ఒంటి వేడి పైకి పోయేదానికన్నా నేలలోకి పోయేదే చలి పుట్టిస్తుంది, ఎందుకంటే మన బరువుకి కింద వైపు బ్యాగు నలిగిపోయి దాంట్లో గాలి ఉండదు. గాలి నింపే మామూలు పరుపు, ఇంట్లో చుట్టాలొస్తే వేస్తామే అది, అస్సలు వద్దు, లోపల చల్లగాలి తిరుగుతూ రాత్రంతా వీపుకి ఐసు పెట్టినట్టు ఉంటుంది. మా అమ్మాయి ఏడేళ్ళప్పుడు ఆ పరుపు మీదే తెల్లవారుజామున మూడింటికి చలికి వణుకుతూ లేచింది. కారు హీటర్ వేసుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది, ఆ నిశ్శబ్దంలో మా ఇంజను ఒక్కటే మోగుతుంటే మిగతా పన్నెండు సైట్ల వాళ్ళకి ఏం మొహం చూపించను అనిపించింది. ప్యాడ్ మీద ఆర్-వాల్యూ అని ఉంటుంది, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, అది 4 లేదా అంతకన్నా ఎక్కువున్నది తీసుకోండి.

పడుకునేటప్పుడు కాటన్ వద్దు, పగలంతా వేసుకున్న బట్టలు అసలే వద్దు, చెమట తడి ఉంటుంది. ఉన్ని మేజోళ్ళు, ఉన్ని టోపీ, పొడి బట్టలు. మరిగిన నీళ్ళు గట్టి సీసాలో పోసి, మూత రెండుసార్లు చూసుకుని, ఒక మేజోడులో దూర్చి పిల్లల కాళ్ళ దగ్గర పెట్టండి, తెల్లారేదాకా వెచ్చగా ఉంటుంది. చలేస్తోందని టెంట్ కిటికీలన్నీ మూసేయకండి. నలుగురు రాత్రంతా వదిలే ఊపిరి పైన గుడ్డకి చెమ్మలా పట్టి, పొద్దున ఎవరు కదిలినా చుక్కలు చుక్కలుగా ముఖాల మీద పడుతుంది. పైన కొంచెం తెరిచి ఉంచండి.

టెంట్ వేసే ముందు తలెత్తి చూడండి. ఎండిపోయి నిలబడ్డ చెట్టు గానీ, విరిగి వేలాడుతున్న కొమ్మ గానీ ఉంటే దాని నీడలో వెయ్యొద్దు. 1988లో రెడ్ బెంచ్ మంటలు పోల్‌బ్రిడ్జ్ చుట్టుపక్కలంతా కాల్చేశాయి, దారిలో మీకు కనిపించే ఒకే ఎత్తు సన్నటి పైన్ చెట్ల గుంపులు ఆ తర్వాత మొలిచినవి. ఆ చెట్ల కాయలు కొన్ని జిగురుతో మూసుకుని ఉండి మంట వేడికే విచ్చుకుంటాయి. పిల్లలకి చూపించండి, నమ్మలేనట్టు చూస్తారు.

మంటల మాట వచ్చింది కాబట్టి, ఆగస్టు అంటే పొగ కాలం కూడా. ముందురోజు గాలి నాణ్యత, మంటల నిషేధం రెండూ చూసుకోండి. వంట అంతా గ్యాస్ స్టవ్ మీదే అని లెక్కేసుకోండి, కట్టెల మంట దొరికితే అది అదనం. పొగ మరీ దట్టంగా ఉంటే, పిల్లల్లో ఎవరికన్నా ఉబ్బసం లాంటిది ఉంటే, మొండికి పోకుండా ట్రిప్పు మార్చుకోండి.

నీళ్ళు: మనిషికి రోజుకి ఒక గ్యాలన్ లెక్కన కార్లో వేసుకెళ్ళండి, వంటకీ తాగడానికీ కలిపి. సరస్సు నీళ్ళు అద్దంలా ఉంటాయి, అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు, అయినా పచ్చి నీళ్ళు తాగకూడదు. జియార్డియా అనే సూక్ష్మజీవి కంటికి కనపడదు, వారం తర్వాత ఇంటికొచ్చాక విరేచనాలతో తెలుస్తుంది. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరగనిస్తే చాలు, 6,500 అడుగుల పైన అయితే మూడు నిమిషాలు. దోమలు జూలైలో భరించలేం, ఆగస్టు రెండో వారానికి కొంచెం నయం, అయినా తలకి వేసుకునే వల తలా ఒకటి తీసుకోండి, బరువు ఉండదు. టాయిలెట్లు గుంట టాయిలెట్లే. టిష్యూ, చేతులకి శానిటైజర్ మీవి మీరు తెచ్చుకోండి.

ఇంటి దగ్గర ఎవరో ఒకరికి మీ ప్లాన్ కాగితం మీద రాసివ్వండి, ఏ రోజు ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో, చెయ్యకపోతే ఎవరికి చెప్పాలో. కొత్త ఫోన్లలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే సౌకర్యం ఉంటుంది. అది చెట్ల కింద సరిగా పనిచెయ్యదు, ఒడ్డుకి వచ్చి ఆకాశం తెరిపిగా కనిపించే చోట నిలబడాలి. దాన్నెలా వాడాలో ఇంట్లోనే డెమో చూసుకోండి.

అక్కడ రెండు రోజులు ఏం చేస్తాం, పిల్లలకి బోరు కొట్టదా అని కూడా అడిగారు. ఒడ్డు వెంట ఒక బాట ఉంది, సరస్సు అవతలి చివరి దాకా ఆరు మైళ్ళ పైన. మీరు రెండు మైళ్ళు వెళ్ళి వెనక్కి రండి, చాలు. మిగతా టైమంతా ఒడ్డునే గడిచిపోతుంది. ఆ రాళ్ళు చూడాలి మీరు. నీళ్ళలో ఉన్నంతసేపు ముదురు ఎరుపు, ఆకుపచ్చ, ఒక్కోటి రెండు రంగులూ చారలుగా. తీసి బండ మీద పెడితే ఆరుతూ ఆరుతూ అన్నీ ఒకే బూడిద రంగులోకి వెళ్ళిపోతాయి, మళ్ళీ ముంచితే మళ్ళీ రంగు. రెండూ ఒకే రకం బురద రాయి, లోపలున్న ఇనుముకి ఆక్సిజన్ బాగా తగిలినది ఎర్రబడింది, తగలనిది పచ్చగా మిగిలింది. మా ఇద్దరూ వాటిని వరసగా పేర్చి, తడిపి, ఆరబెట్టి, మూడు గంటలు ఫోన్ మాటే ఎత్తలేదు. తెచ్చుకోవడం మాత్రం నిషిద్ధం, ఒక్క రాయి కూడా, అది ముందే చెప్పి ఉంచండి, లేకపోతే బయల్దేరేటప్పుడు ఏడుపులు. పడవ గానీ కయాక్ గానీ తీసుకెళ్తే నీళ్ళలో దింపే ముందు పార్కు వాళ్ళ తనిఖీ తప్పనిసరి, బయటి ఆల్చిప్పల జాతులు సరస్సులోకి చేరకుండా.

మీ తేదీలు పర్సీడ్ ఉల్కల సమయానికి, అంటే ఆగస్టు 12, 13లకి దగ్గరగా పడుతున్నాయి. అక్కడ ఆ రోజుల్లో పొద్దు వాలేసరికే తొమ్మిది అవుతుంది, పూర్తిగా చీకటి పడేసరికి పదకొండు. పిల్లల్ని మధ్యాహ్నం ఒక గంట పడుకోబెట్టండి, రాత్రి దుప్పట్లు చుట్టి ఒడ్డుకి తీసుకురండి, టార్చ్‌లు ఆపేసి ఇరవై నిమిషాలు కళ్ళు అలవాటు పడనివ్వండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలన్నది పార్కు నియమం, గుసగుసగా మాట్లాడుకోండి, పక్కవాళ్ళూ దానికోసమే అంత దూరం వచ్చారు.

వెళ్ళేసరికి కింట్లా నిండిపోయి ఉంటే? దారి పక్కన ఎక్కడపడితే అక్కడ టెంట్ వెయ్యడం కుదరదు, వెనక్కి రావాల్సిందే. పోల్‌బ్రిడ్జ్ నుంచి ఆరు మైళ్ళలో బోమన్ లేక్ ఉంది, నలభైకి పైగా సైట్లు, ఆ రోడ్డూ ఇలాంటిదే. సైట్లు ఎక్కువ కాబట్టి అక్కడ కింట్లా అంత నిశ్శబ్దం ఉండదు, కానీ చాలామందికి అదే చాలా ఎక్కువ. అందుకే పొద్దున పదికల్లా చేరమన్నాను, అప్పుడు చోటు లేకపోయినా బోమన్‌కి వెళ్ళే టైము ఉంటుంది. మీ తేదీలు ఖాయమయ్యాక, స్లీపింగ్ బ్యాగులు, ప్యాడ్లు ఏవి తీసుకుంటున్నారో ఇక్కడే రాయండి, కొనేముందు చూసి చెప్తాను.